మూడో ఎత్తు

సాల్మియాలో ఐదో అంతస్తు కోచింగు కింద
బండి ఇంజను ఆపకుండా రెండు గంటలు.
షహద్ పాప పైన. నేను కింద.
అద్దం మీద ఆగస్టు దుమ్ము, జల్లెడ పట్టినట్టు.

దిగొచ్చి వెనక సీట్లో కూచుని
ఫోను నా భుజం మీంచి చాపుతుంది:
"ఓబుల్, చూడు. కొత్తది."

ఇంగ్లీషువాళ్ళు రాణి అనేదాన్ని
ఆ పిల్ల వజీర్ అంటుంది, నేను మంత్రి అంటాను.
మంత్రి ముందరి బంటు రెండు గళ్ళు.
అక్కడిదాకా తగువు లేదు.
ఏనుగు దగ్గరే వచ్చింది.
మా ఏనుగు నిటారుగా పోతుంది,
వాళ్ళ ఏనుగు ఏటవాలుగా.
మొదటి నెలంతా ఐదో రింగు రోడ్డు పొడుగునా
రెండేనుగులూ ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి.

నాకు ఆట నేర్పింది రాజంపేట గుర్రప్ప.
సైకిల్ షాపు.
పంచరు వేసిన చేత్తోనే ఎత్తు వేసేవాడు,
తెల్ల గుర్రానికి ఎప్పుడూ సొల్యూషన్ వాసన.
నడుమ పట్టు. గుర్రాలు బయటికి తియ్యి. రాజును దాచు.
అంచు బంటును ముట్టుకున్నావో, వేళ్ళు ఇరగ్గొడతా.

షహద్ చూపించిన కొత్తది ఇదీ:
మంత్రి బంటు, దాని పక్కన ఇంకో బంటు,
అవతలివాడు శకటును పక్కవాటంగా సర్దుకోడానికి
వాకిలి తెరుస్తుండగానే
మూడో ఎత్తుకే
అంచు బంటు. రెండు గళ్ళు. అలా, ఏ సిగ్గూ లేకుండా.

"ఎవరు చెప్పారిది?"
"మెషీన్."
"దానికెవరు చెప్పారు?"
"ఎవరూ చెప్పలేదు. తనతో తనే ఆడుకుంది,
లక్షల ఆటలు."
ఆ మాట నాకు వెంటనే అర్థమయింది.
శుక్రవారాలు నేనూ గదిలో నాతోనే ఆడతాను.
ఏమీ కనిపెట్టలేదు, అంతే.

గదిలో సుబ్బరాయుడు కవిత్వం రాస్తాడు.
"బంటంటే మనమే కదన్నా" అన్నాడు మొన్న, కళ్ళు మూసుకుని.
కాదబ్బీ.
బంటు వెనక్కి నడవదు.
నేను రెండేళ్ళకోసారి నడుస్తాను, నలభై రోజులు,
టికెట్టు బాబా కొంటాడు,
అఖామా ఉన్నంతకాలం.

గుర్రప్పకూ నాకూ రోజుకో ఎత్తు, వాట్సాప్‌లో.
షాపు బల్ల మీద పావులు పేర్చి
మనవడితో ఫొటో తీయించి పంపుతాడు.
మూడో ఎత్తు నేను పంపాను.
రెండ్రోజులు ఏమీ లేదు.
తరువాత గొంతు వచ్చింది, వెనకాల గాలిపంపు చప్పుడుతో:
"ఎవుర్రా నీకీ పాడుబుద్ధి నేర్పింది? కువైటోళ్ళా?"

మూడోనాడు ఫొటో.
నా మంత్రి బంటు మెడ మీదికే
నల్ల బంటు ఒకటి, రెండు గళ్ళు దూకి.
కింద మనవడు టైపు చేసిన మాట:
"నువ్వు దొడ్లో తిరుగుతాంటే
నేను నడింట్లో దూరతా."

షహద్‌కు చూపించాను.
రౌండెబౌటు దాటేదాకా మాట్లాడలేదు.
మెషీన్‌ని అడిగింది. మళ్ళీ అడిగింది.
"ఇదే విరుగుడు. పెద్ద పెద్దవాళ్ళు
కొన్నాళ్ళు తన్నుకులాడి కనుక్కున్నారట.
ఆయన రేటింగెంత?"
"సైకిల్ షాపు."
పాప నవ్వలేదు. నోటు పుస్తకంలో రాసుకుంది,
కుడి నుంచి ఎడమకు.

ఇప్పుడు నా వంతు.
మంత్రి బంటును ఇంకో గడి ముందుకు తొయ్యి, అంటుంది.
నాకేమో కొట్టెయ్యాలని ఉంది,
గుర్రప్ప బంటును ఒక్కసారైనా
బోర్డు అవతల పెట్టాలని.
తప్పేనంట. మెషీన్ ఒప్పుకోదంట.

ఎర్ర సిగ్నలు. బయట నలభై తొమ్మిది డిగ్రీలు.
వేలు బంటు మీద పెట్టాను.
సిగ్నలు పచ్చబడింది. వెనక హారన్లు.
"యల్లా, ఓబుల్."
ముట్టుకుంటే ఆడాల్సిందే, అది గుర్రప్ప చట్టం.
ముట్టుకున్నాను.
ఎటన్నది ఇంకా తేలలేదు.